మూర ఎవరి చేతిది?

(వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతప్రతి. మాట్లాడిన తీరు మార్చలేదు.)

నమస్కారం. వెనక బెంచీలకి వినపడుతోందా? సరే, మైకు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటాను.

వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర మల్లెపూలు కొన్నాను. పూలావిడ దండ చివర వేలికి చుట్టుకుని, మోచేతిదాకా లాగి, "ఇదిగో మూర" అని తుంచబోయింది. "నీ చెయ్యి పొట్టిదిగా, నా చేత్తో కొలువు" అన్నాను. "నీ చేత్తో అయితే రేటు వేరమ్మా" అంది. (నవ్వులు) నేను ఓడిపోయాను, పూలు ఇదిగో ఇంతే వచ్చాయి. కానీ ఇవాళ మీకు చెప్పాల్సిన విషయం మాత్రం ఆ బేరంలో దొరికింది. మూర అన్నది కొలతే. ఎవరి చేతి మూరో తేలితే తప్ప పూలెన్నో తెలీదు.

వెబ్ పేజీ రూపురేఖలు రాసే సీఎస్ఎస్‌లో ఎమ్, రెమ్, శాతం, వీడబ్ల్యూ అని రాస్తుంటారు చూడండి, అవన్నీ మూరలే. 2 ఎమ్ అంటే రెండు మూరలు. ఎవరి చెయ్యి? ఆ ప్రశ్న వేసుకోకుండా యూనిట్ రాసేస్తున్నాం. ట్యుటోరియల్‌లో రెమ్ ఉంది కాబట్టి రెమ్, డిజైనర్ బొమ్మ గీసిచ్చే ఫిగ్మాలో పిక్సెల్ ఉంది కాబట్టి పిక్సెల్. నేనూ చాలా ఏళ్లు అలాగే రాశాను.

ముందు పిక్సెల్ సంగతి తేల్చేద్దాం. మీలో ఎంతమంది పిక్సెల్ అంటే తెర మీద ఒక చుక్క అనుకుంటున్నారు? చేతులెత్తండి. ...చాలామందే ఉన్నారు. సీఎస్ఎస్ పిక్సెల్‌కి, తెర మీది చుక్కకి ఏనాడో విడాకులైపోయాయి. లెక్క ప్రకారం అది అంగుళంలో 96వ వంతు. తెరని చేయి చాచినంత దూరంలో పెట్టుకుని చూస్తే ఆ 96వ వంతు కంటికి ఎంత కనపడుతుందో, దాదాపు అంత. మీ జేబులో ఉన్న ఫోన్‌కి మూడు రెట్ల సాంద్రత ఉంటే, మీరు రాసిన ఒక్క పిక్సెల్‌కి అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది చుక్కలు వెలుగుతాయి. కాబట్టి పిక్సెల్ రాస్తే పక్కాగా ఉంటుందన్న ధీమా వదిలేయండి. దానికున్న గుణం ఒక్కటే: చదివేవాడు ఫాంట్ సైజు సెట్టింగ్ ఎంత మార్చుకున్నా అది కదలదు. కొన్నిచోట్ల అదే మనకి కావాలి. గీత గీసినప్పుడు, బోర్డర్ ఒక పిక్సెల్ అన్నప్పుడు, నేను మారు మాట్లాడకుండా పిక్సెల్ రాస్తాను. అక్షరం పెద్దదైతే గీత లావెక్కాల్సిన పనేముంది?

ఇప్పుడు నా తలవంపుల కథ.

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆయన కంప్యూటర్లో నేనే క్రోమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫాంట్ సైజు 'వెరీ లార్జ్' పెట్టి వచ్చాను. అక్కడ అయిదు మెట్లుంటాయి: 9, 12, 16, 20, 24. ఎవరూ ముట్టుకోకపోతే 16. నాన్నది 24. కొన్నాళ్లకి ఫోన్ చేసి, "ఏమ్మా, మీ ఆఫీసు వాళ్ల సైటు చూశాను. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. నువ్వు చేసిందేనా?" అన్నారు. నేను చేసిందే. పైగా ప్రతి అక్షరం సైజూ రెమ్‌లో రాశానని నాకు గర్వం కూడా. రెమ్ రాస్తే చదివేవాడి సెట్టింగ్‌తో పాటు పెరగాలి కదా, ఎందుకు పెరగలేదు?

ఫైల్ తెరిచి చూస్తే మొట్టమొదటి రూల్‌లోనే ఉంది దొంగ. హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌కి ఫాంట్ సైజు 10 పిక్సెల్స్ అని నేనే రాసి పెట్టాను. ఎందుకంటే లెక్క సులువు: 1.4 రెమ్ అంటే 14, 2.4 రెమ్ అంటే 24. రెమ్ అంటే పేజీకి మూలమైన ఆ హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్ ఫాంట్ సైజుకి ఇన్ని రెట్లు అని అర్థం. దాన్ని మనం ముట్టుకోకుండా వదిలేస్తే అక్కడ చదివేవాడు పెట్టుకున్న సైజు ఉంటుంది. నాన్న పెట్టుకున్న 24ని తీసి పారేసి, ఆ చోట నా పది కూర్చోబెట్టాను. పైన ఎన్ని రెమ్‌లు రాస్తే ఏం లాభం?

నాన్నకి ఇదంతా ఫోన్‌లో వివరించాను. లెక్కల మాస్టారు కదా, టక్కున పట్టేశారు. "నిష్పత్తులు రాశావు, బానే ఉంది. హారం మాత్రం నీ గుప్పిట్లో పెట్టుకున్నావు" అన్నారు. ఇన్నేళ్లలో నా కోడ్ మీద అంత సూటి రివ్యూ ఎవరూ ఇవ్వలేదు. (నవ్వులు)

మీలో కొందరు ఇదే పని 62.5 శాతంతో చేస్తారు. పదహారులో 62.5 శాతం పది. అది నా తప్పంత పెద్దది కాదు. శాతం కాబట్టి చదివేవాడు 24 పెట్టుకుంటే మూలం 15 అవుతుంది, 1.6 రెమ్ రాసిన చోట 24 వస్తుంది. అక్షరాలు పెరుగుతాయి. కానీ బయటి నుంచి తెచ్చి పెట్టిన క్యాలెండరో, చాట్ డబ్బానో ఉందనుకోండి. దాన్ని రాసినవాళ్లు రెమ్ అంటే 16 అని నమ్మి రాశారు. మీ పేజీలోకి వచ్చేసరికి అది పదహారు ఉండాల్సిన చోట పదికి కుంచించుకుపోతుంది. అందుకని నా మాట: మూలాన్ని ముట్టుకోకండి, పదహారుతో భాగించుకోండి. 12 అయితే 0.75, 20 అయితే 1.25, 24 అయితే ఒకటిన్నర, 40 అయితే రెండున్నర. ఎక్కాలు చదువుకున్న దేశం మనది, పదహారో ఎక్కానికి భయమేంటి?

ప్రశ్నా? అడుగమ్మా.

(సభలోంచి: మేడమ్, కంట్రోల్ ప్లస్ కొడితే పిక్సెల్స్ కూడా పెద్దవవుతాయి కదా? మరి పిక్సెల్‌తో ఇబ్బందేంటి?)

మంచి ప్రశ్న. అవుతాయి. జూమ్ చేస్తే పేజీ మొత్తం, బొమ్మలూ ఖాళీలూ అన్నీ కలిపి పెరుగుతుంది. పిక్సెల్ రాసినవాళ్లు బతికిపోతోంది దాని వల్లే. కాకపోతే జూమ్ ఏ సైటుకి ఆ సైటుకి చేసుకోవాలి. సెట్టింగ్ ఒక్కసారి చెప్పే మాట: "నాకు అన్నిచోట్లా అక్షరం ఇంత ఉండాలి." మా నాన్న ఆ మాట చెప్పేశారు. విననిది నేను. వికలాంగులకి వెబ్ అందుబాటులో ఉండటానికి డబ్ల్యూత్రీసీ వాళ్లు పెట్టిన ప్రమాణాల్లో కూడా అక్షరాన్ని 200 శాతం దాకా పెంచినా ఏదీ తెగకూడదు, పని చెడకూడదు అని ఉంది. 2008 నాటి రూలు అది. 2018లో ఇంకోటి చేర్చారు: వెడల్పు 320 పిక్సెల్స్‌కి తగ్గినా పేజీని పక్కకి లాగి చదవాల్సిన అవసరం రాకూడదని. 320 ఎక్కడిదంటారా? 1280 వెడల్పున్న తెరని 400 శాతం జూమ్ చేస్తే మిగిలేది అంతే.

ఇక ఎమ్. ఇది పాత అచ్చుకూటాల కొలత. సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో ఆ దిమ్మె ఎత్తు ఎంతో, ఒక ఎమ్ అంత. సీఎస్ఎస్ మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చింది, అందులోనే ఎమ్ ఉంది. రెమ్ చాలా తర్వాత పుట్టింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి అది తెలిసింది 2011లో, తొమ్మిదో వెర్షన్‌తో. ఈలోపు ఎమ్‌తో మేం పడ్డ పాట్లు మీకు తెలీవు. ఎక్స్‌ప్లోరర్ ఆరులో 'టెక్స్ట్ సైజ్' అని మెనూ ఉండేది, పిక్సెల్స్‌లో రాసిన అక్షరాన్ని అది కదిలించేది కాదు. కాబట్టి బుద్ధిమంతులు ఎమ్‌లో రాసేవాళ్లు. రాశాక ఏమయ్యేదంటే, జాబితాకి 0.9 ఎమ్ ఇస్తాం. జాబితాలో ఇంకో జాబితా, అందులో మరోటి. ఫాంట్ సైజులో ఎమ్ అంటే తల్లి ఎలిమెంట్, అంటే దాన్ని లోపల పెట్టుకున్న ఎలిమెంట్, సైజుకి అన్ని రెట్లు. పదింట తొమ్మిది వంతులు, అందులో మళ్లీ పదింట తొమ్మిది, అందులో మళ్లీ పదింట తొమ్మిది: 0.729. పదహారు కాస్తా పదకొండున్నర దగ్గరికి దిగుతుంది. నాలుగో జాబితా పెడితే భూతద్దం కావాలి.

అందుకే ఫాంట్ సైజుకి ఎమ్ వాడనే వాడను, రెమ్ వాడతాను. అయితే ఎమ్‌ని పారేయకండి. లోపలి ఖాళీ ప్యాడింగ్‌లోనో, బయటి ఖాళీ మార్జిన్‌లోనో ఎమ్ రాస్తే అర్థం మారుతుంది. అక్కడ తల్లి సైజుతో పని లేదు, ఆ ఎలిమెంట్ సొంత ఫాంట్ సైజే లెక్క. తన చేతి మూర అన్నమాట.

ఒక బటన్ తీసుకుందాం. తెర మీద చూడండి. 'దరఖాస్తు పంపండి' అని ఉంది. అక్షరం 1 రెమ్. ప్యాడింగ్ పైనా కిందా 12, పక్కల 24 పిక్సెల్స్. ఇప్పుడు ముట్టుకుంటే సరిగ్గా అందే బటన్. నేను బ్రౌజర్ ఫాంట్ 24 చేస్తున్నాను. ...చూశారా? అక్షరాలు లావెక్కాయి, చొక్కా మాత్రం పాతదే. బొత్తాలు ఊడేలా ఉంది. ఇప్పుడు ఆ ప్యాడింగ్‌ని 0.75 ఎమ్, 1.5 ఎమ్ చేస్తున్నాను. ఆ... పన్నెండు పద్దెనిమిదైంది, ఇరవైనాలుగు ముప్పయ్యారైంది. అన్నానికి నీళ్లు పోసినట్టు: గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. గ్లాసు పెద్దదైతే నీళ్లూ అంతే పెరుగుతాయి, అన్నం మాత్రం అలాగే ఉడుకుతుంది. ఇంకో సుఖం కూడా ఉంది. ఇదే బటన్‌ని పేజీ అడుగున చిన్నగా పెట్టాలంటే ఫాంట్ సైజు ఒక్కటి 0.85 రెమ్ చేస్తే చాలు, ప్యాడింగ్, పక్కనున్న ఐకాన్, మూలల గుండ్రం, ఎమ్‌లో రాసినవన్నీ వెంట వస్తాయి.

ఇప్పుడు మన తెలుగు గొడవ. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఇంగ్లీషులో నేర్చుకున్న అలవాట్లు మనల్ని ముంచేది ఇక్కడే.

లైన్ హైట్, అంటే ఒక్కో వరస ఎత్తు. బాడీకి, అంటే పేజీ మొత్తానికి, 1.5 ఎమ్ అని రాశారనుకోండి. బాడీ ఫాంట్ 16 కాబట్టి బ్రౌజర్ అక్కడే లెక్క కట్టేసి 24 పిక్సెల్స్ అని తేల్చి, పిల్లలందరికీ ఆ ఇరవైనాలుగే పంచిపెడుతుంది. శీర్షిక ఫాంట్ 32 ఉందనుకోండి, దానికీ 24 ఎత్తు గీతే. ఇంగ్లీషులో కూడా వరసలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. తెలుగులో ఏమవుతుందో చూడండి. 'స్వాతంత్ర్య' అని మొదటి వరస, 'వేడుకలు' అని రెండోది. పై వరసలో త కింద ర వత్తు, దాని పక్కన య వత్తు వేలాడుతున్నాయి. కింద వరసలో వ నెత్తిన ఏత్వం నిక్కి చూస్తోంది. రెండూ కలిసి... ఏం పదమో మీరే చదవండి. (నవ్వులు) ఎమ్ తీసేసి ఒట్టి 1.5 రాశాను. ఇప్పుడు లెక్క కట్టిన కొలత దిగదు, 'ఒకటిన్నర రెట్లు' అన్న సూత్రమే దిగుతుంది. శీర్షికకి 48. వత్తులకి గాలి ఆడింది. లైన్ హైట్‌కి యూనిట్ పెట్టొద్దని ఎవరైనా చెబితే పాతకాలపు ఛాదస్తం అనుకోకండి.

ఇంగ్లీషు శీర్షికలకి 1.1, 1.2 ఇచ్చే ఫ్యాషన్ ఉంది. దాన్ని తెలుగుకి తేవద్దు. నేను తెలుగు శీర్షికకి 1.4 కంటే తగ్గను, మామూలు వాక్యాలకి 1.7 నుంచి మొదలుపెట్టి ఫాంట్‌ని బట్టి సర్దుకుంటాను. ఇవి నా కంటి లెక్కలు, ప్రమాణాలు కావు. ఫాంట్‌ని బట్టి అని ఎందుకంటున్నానంటే, ఎమ్ అన్నది అక్షరం ఎత్తుని చెప్పదు, అక్షరం కూర్చునే పెట్టె ఎత్తుని చెబుతుంది. ఎన్టీఆర్, మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, నాలుగూ ఒకే సైజులో పక్కపక్కన పెట్టి చూడండి. పెట్టె ఒకటే, లోపల మనిషి మాత్రం ఒక్కొక్కడు ఒక్కో ఎత్తు. అందుకే ఫాంట్ మార్చిన రోజు ఖాళీలన్నీ మళ్లీ కంటితో చూసుకోవాలి. లెక్క పక్కా అయినా కన్ను ఒప్పుకోవాలిగా.

ఖాళీల కోసం ఈమధ్య ఎల్‌హెచ్ అని కొత్త యూనిట్ వచ్చింది, 2023 నాటికి పెద్ద బ్రౌజర్లన్నిట్లోనూ పనిచేస్తోంది. ఒక ఎల్‌హెచ్ అంటే ఆ ఎలిమెంట్‌లో ఒక వరస ఎత్తు. పేరాకీ పేరాకీ మధ్య ఒక ఎల్‌హెచ్ ఇస్తే సరిగ్గా ఒక వరస వదిలినట్టు ఉంటుంది. వరసలు ఎడం ఎక్కువుండే మన లిపికి ఇది అతికినట్టు సరిపోతుంది. నాకు బాగా నచ్చింది.

నచ్చనిది సీహెచ్. తప్పు దానిది కాదులెండి. వ్యాసం వెడల్పు 60 సీహెచ్ పెట్టండి, వరసకి అరవై అక్షరాలు వస్తాయి అని ఎక్కడ చూసినా రాస్తారు. ఒక సీహెచ్ అంటే సున్నా అంకె వెడల్పు. ఏ ఫాంట్ సున్నా? మీరు రాసిన ఫాంట్ పేర్ల జాబితాలో మొదట దొరికిన ఫాంట్‌ది. మనం సాధారణంగా ముందు ఇంగ్లీషు ఫాంట్ పేరు, వెనక తెలుగు ఫాంట్ పేరు రాస్తాం. అంటే తెలుగు పేజీ వెడల్పుని ఒక ఇంగ్లీషు ఫాంట్‌లోని సున్నా నిర్ణయిస్తోంది! 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కంప్యూటర్ లెక్కలో ఆరు ముక్కలు, కంటికి ఒకటి. సున్నాలతో దాన్ని కొలిచేదేంటి? చైనా, జపాన్ లిపుల కోసం 'నీరు' అని అర్థమొచ్చే వాళ్ల అక్షరం వెడల్పుతో ఐసీ అని ప్రత్యేకంగా ఒక యూనిట్ ఉంది. మన 'అ' పేరు మీద ఏదీ లేదు. కాబట్టి తెలుగు వ్యాసానికి వెడల్పు రెమ్‌లో ఇచ్చి, అసలు పాఠం పోసి, నోటితో చదివి చూడండి. నేను 38 రెమ్ దగ్గర మొదలుపెడతాను.

ఇంతవరకు విని "అయితే అన్నిటికీ రెమ్, ఎమ్ కొట్టేద్దాం" అనుకుంటున్నారేమో. ఆగండి. ఫోన్ తెర వెడల్పు 360 అనుకుందాం. పక్కల ప్యాడింగ్ 2 రెమ్. మామూలు మనిషికి చెరో పక్క 32 పోగా 296 మిగులుతుంది. ఫాంట్ 24 పెట్టుకున్న మనిషికి చెరో పక్క 48, మిగిలేది 264. అక్షరం పెద్దదైంది, కాగితం చిన్నదైంది. కళ్లు సరిగ్గా కనపడని మనిషికే వరసకి రెండు మాటలు వడ్డిస్తున్నాం. పక్కల ఖాళీ అక్షరంతో పాటు పెరగనక్కర్లేదు, తెరతో పాటు పెరిగితే చాలు. ఒక వీడబ్ల్యూ అంటే తెర వెడల్పులో నూరో వంతు. అక్కడ 2 రెమ్, 5 వీడబ్ల్యూ ఈ రెంటిలో ఏది తక్కువైతే అది అని మిన్ ఫంక్షన్‌లో రాస్తాను. 360లో అయిదు శాతం 18. సరిపోతుంది.

వీడబ్ల్యూతో అక్షరాల సైజు రాసేవాళ్లకి ఒక హెచ్చరిక. శీర్షికకి 4 వీడబ్ల్యూ ఇచ్చారు. 1280 తెర మీద 51.2. నాన్నలాంటి మనిషి 400 శాతం జూమ్ చేశారు. తెర వెడల్పు బ్రౌజర్ లెక్కలో 320కి పడిపోతుంది, 4 వీడబ్ల్యూ 12.8 అవుతుంది, దాన్ని నాలుగింతలు చేస్తే మళ్లీ 51.2. ఆయన బటన్ ఎన్నిసార్లు నొక్కినా అక్షరం ఉలకదు పలకదు. ఇంతకు తగ్గకు, ఇంతకు మించకు అని హద్దులు పెట్టే క్లాంప్ రాసి మధ్యలో 1 రెమ్ ప్లస్ 2 వీడబ్ల్యూ లాగా రెమ్‌ని కూడా కలిపితే కదలడం మొదలుపెడుతుంది.

వీహెచ్, అంటే తెర ఎత్తులో నూరో వంతు, దాని గురించి ఒక్క ముక్క: ఫోన్‌లో అడ్రస్ బార్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి 100 వీహెచ్ అడుగున పెట్టిన బటన్ దాని చాటుకి పోతుంది. ఆ బార్‌ని కూడా లెక్కలోకి తీసుకునే డీవీహెచ్, ఎస్‌వీహెచ్ 2022లో వచ్చాయి, అవి వాడండి. అయిపోయింది.

తెర వెడల్పుని బట్టి పేజీ అమరిక మార్చే మీడియా క్వెరీల్లో కూడా నేను ఎమ్మే రాస్తాను. అక్కడ ఎమ్ అంటే మీరు సీఎస్ఎస్‌లో పెట్టిన సైజు కాదు, చదివేవాడి బ్రౌజర్ సైజు. తెర 48 ఎమ్ ఉంటేనే రెండు కాలమ్‌లు అని రాశాననుకోండి. 48 ఎమ్ అంటే మామూలుగా 768. నాన్నకి 1152. ఆయన తెర 1024 అనుకుంటే ఆయనకి రెండు కాలమ్‌ల పేజీ బదులు ఒక్క కాలమ్ పేజీ వస్తుంది. అంత పెద్ద అక్షరాలకి రెండు కాలమ్‌లు ఇరుకే కదా, సరిగ్గా కావాల్సింది వచ్చింది.

(సభలోంచి: డిజైనర్ అన్నీ పిక్సెల్స్‌లోనే ఇస్తాడు మేడమ్. తేడా వస్తే మమ్మల్ని అంటారు.)

ఇవ్వనివ్వండి. 16 సెట్టింగ్‌లో మీ రెమ్ కొలతలూ ఆయన పిక్సెల్ కొలతలూ ఒక్క వెంట్రుక తేడా లేకుండా కలుస్తాయి, ఆయన కంప్యూటర్లో ఉండేది 16నే. ఆయన్ని అడగాల్సింది వేరే: "ఈ ఖాళీ అక్షరంతో పెరగాలా, తెరతో పెరగాలా, అసలు పెరగొద్దా?" ఆ జవాబు బొమ్మలో ఉండదు. ఒకసారి అడిగి చూడండి, ఆయన కూడా కాసేపు ఆలోచిస్తాడు.

సరే, మాటలు చాలు. ల్యాప్‌టాపులు తెరవండి. మీ మీ ప్రాజెక్టులు తెరిచి, సెట్టింగ్స్, అప్పియరెన్స్, ఫాంట్ సైజ్, వెరీ లార్జ్. ఎవరిది విరిగింది? ముందు వరస చారల చొక్కా బాబూ, కేబుల్ పెట్టి తెర మీద చూపించు, సిగ్గేం లేదు, నాది ఇంతకంటే ఘోరం. ...ఆ. అక్షరాలు పెరిగాయి, శభాష్, మూలం ముట్టుకోలేదు. పైన మెనూ మాత్రం రెండో వరసకి దిగి ఫోటో మీద పడింది. హెడర్ ఎత్తు ఎంత రాశావు? 60 పిక్సెల్స్. అదీ సంగతి. హైట్ తీసి మిన్ హైట్, అంటే కనీస ఎత్తు, చెయ్యి, 60ని పదహారుతో భాగించు. 3.75 రెమ్, అవును. సేవ్ చెయ్యి. చూడు, మెనూ ఇంట్లోకి వచ్చేసింది. లోగో ఇంకా బుల్లిగా ఉంది, దాని ఎత్తు ఎమ్‌లో ఇవ్వు, 2 ఎమ్. బాగుంది. ఇప్పుడు సెట్టింగ్ 9కి దించి చూడు... అదీ నిలబడింది. నీ పక్కనున్న అమ్మాయి స్క్రీన్ మూసేస్తోందేంటి? తెరువమ్మా, చూద్దాం.